ఎవరూ చూడని తప్పు ఎందుకు తప్పు?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆయనకు నలభై ఏళ్లు దాటాయి, ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం. నిష్ఠగా మతాన్ని పాటించే ఇంట్లో పుట్టి పెరిగినా, కొన్నేళ్లుగా దేవుడి మీద నమ్మకం సన్నగిల్లుతూ వచ్చి ఇప్పుడు పూర్తిగా పోయిందట. ఏ మతంలో పుట్టారో ఆయన రాయలేదు. ఏ మతమైనా తన ప్రశ్న మారదు కనుక రాయలేదని అన్నారు. భార్యకు భక్తి ఎక్కువ, అయినా ఈ విషయంలో ఆమె ఆయనను ఎన్నడూ నొప్పించలేదు. తండ్రి పోయాక చదివించి పెద్దచేసిన అన్నగారు మాత్రం తమ్ముడిలో వచ్చిన మార్పును జీర్ణించుకోలేకపోతున్నారు.

ఇటీవల 12 ఏళ్ల కూతురు ఆయనను ఇలా అడిగింది: "ఎవరూ చూడకపోయినా దేవుడు చూస్తాడు కాబట్టి అబద్ధం ఆడకూడదని పెదనాన్న అంటారు. నువ్వేమో దేవుడు లేడంటావు. మరి ఎవరికీ తెలియని అబద్ధం ఆడితే తప్పేముంది నాన్నా?" ఆయనకు వెంటనే జవాబు తోచక, తప్పు తప్పేనని చెప్పి మాట దాటవేశారు. ఈ సంగతి తెలిసి అన్నగారు అన్న మాట ఆయనను వదలడం లేదు. "నువ్వు మంచివాడివే, కాదనను. కానీ ఆ మంచితనం నువ్వు సంపాదించింది కాదు, అమ్మానాన్నల భక్తి మీద వస్తున్న వడ్డీ. నీ కూతురి నాటికి వడ్డీ ఆగిపోతుంది, అసలూ మిగలదు" అన్నారట.

ఉత్తరంలో ఇంకో రెండు విషయాలున్నాయి. వాళ్ల సంస్థకు ఒక పార్టీ ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు చెల్లించింది. ఆ సంగతి వాళ్లూ గమనించలేదు, ఈయన పైఅధికారులూ గమనించలేదు. పద్దుల్లో సర్దేస్తే ఎప్పటికీ బయటపడేది కాదు. ఈయన చెప్పి మరీ ఆ డబ్బు తిప్పి పంపించారు. భయం లేదు, పుణ్యం మీద ఆశా లేదు, మరి ఎందుకు పంపానో తనకే తెలియదంటారు. రెండో విషయం ఇంతకంటే కష్టమైనది. నమ్మకం ఉన్న రోజుల్లో నెలనెలా జీతంలో కొంత దానంగా ఇచ్చేవారు, మంచాన పడినవాళ్లను వెళ్లి పలకరించేవారు. నమ్మకంతోపాటు ఆ రెండు అలవాట్లూ పోయాయి. "అన్నయ్య చెప్పిందే నిజమవుతోందా? మతం లేకుండా నీతికి పునాది ఉంటుందా? లేదంటే, నమ్మకం ఉన్నట్లు నటించైనా అమ్మాయిని ఆ దారిలోనే పెంచాలా?" అన్నది ఆయన ప్రశ్న.

మీరు అడిగింది ఒక ప్రశ్నలాగే కనిపిస్తుంది కానీ అందులో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ఒక పని తప్పు అనడానికి ఆధారం ఏమిటి? అది తప్పని మనం ఎలా నేర్చుకున్నాం? నేర్చుకున్నదాని ప్రకారం నడిచే బలం మనకు ఎక్కడి నుంచి వస్తుంది? మీ అమ్మాయి మొదటిది అడిగింది. మీ అన్నగారు మిగతా రెండింటి గురించి మాట్లాడి, మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాననుకున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ప్రశ్నలో ఆయన వాదం నిలవదు. మూడో ప్రశ్నలో మాత్రం ఆయన మాటలో మీకు ఇబ్బంది కలిగించేంత నిజం ఉంది, మీ ఉత్తరమే అందుకు సాక్ష్యం.

మొదటి ప్రశ్న చాలా పాతది. సుమారు 2,400 ఏళ్ల కిందట గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ఒక సంభాషణలో యూథిఫ్రో అనే వ్యక్తి, ఒక కూలివాడి చావుకు కారకుడయ్యాడని సొంత తండ్రి మీదే అభియోగం మోపడానికి వస్తాడు. దేవతలకు ఏది ఇష్టమో తనకు బాగా తెలుసునన్న ధీమా అతనిది. సోక్రటీస్ అతన్ని అడిగిన ప్రశ్న సారాంశం ఇది: పవిత్రమైన పనిని దేవతలు ఇష్టపడేది అది పవిత్రం కాబట్టా, లేక వాళ్లు ఇష్టపడ్డారు కాబట్టి అది పవిత్రం అయిందా? మంచి కాబట్టే దేవుడు దాన్ని ఆదేశించాడని అంటే, ఆ మంచి ఆదేశానికి ముందే ఉందని ఒప్పుకున్నట్లే. ఆదేశించాడు కాబట్టే మంచి అయిందంటే, రేపు క్రూరత్వాన్ని ఆదేశిస్తే అదీ మంచి అయిపోవాలి. అలా ఎన్నటికీ ఆదేశించడని మీ అన్నగారు తప్పకుండా అంటారు. ఎందుకని అడిగితే, దేవుడు కరుణామయుడు కాబట్టి అంటారు. అంటే కరుణ మంచిదని ఆయన మనసులో ముందే ఒక తూకం ఉంది, దేవుణ్ణి మంచివాడు అనడానికి కూడా ఆయన ఆ తూకాన్నే వాడుతున్నారు.

మతాల లోపల ఉన్న పండితులు ఈ చిక్కును గుర్తించలేదనుకోవద్దు. ఇస్లామీయ చింతనలో ముతజిలాలు అనే వర్గం పండితులు మంచిచెడ్డలు బుద్ధికి అందుతాయన్నారు, అషరీలు అనే మరో వర్గంవారు దైవాజ్ఞ వల్లనే అవి మంచిచెడ్డలు అవుతాయన్నారు. క్రైస్తవంలో 13వ శతాబ్దానికి చెందిన థామస్ అక్వినాస్ నీతి మనిషి స్వభావంలోనూ వివేకంలోనూ అందేదేనని వాదించాడు. మంచి అనేది దేవుడి ఆజ్ఞ కాదని, ఆయన స్వభావమే మంచి అని చెప్పడం ఆస్తికుల బలమైన సమాధానాల్లో ఒకటి. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఆ స్వభావాన్ని మంచి అని ఎందుకు పిలుస్తున్నామన్న ప్రశ్న దాని వెనకాలే వస్తుంది. ఇక బౌద్ధ, జైనాలు సృష్టికర్త అవసరం లేకుండానే కఠినమైన నీతిని నిర్మించాయి. వేదాన్ని పరమ ప్రమాణంగా తీసుకున్న పూర్వమీమాంస అనే దర్శనానికి కూడా సృష్టికర్త అవసరం రాలేదు. కాబట్టి దేవుణ్ణి తీసేస్తే నీతి కూలిపోతుందన్న మాట మతాల చరిత్రకే సరిపోదు.

అయితే ఆధారం ఎక్కడుంది? ఇక్కడ నాస్తికులు కొందరు తొందరపడి సైన్సు వైపు చూపిస్తారు. సహకరించుకునే గుంపులు బతికి బట్టకట్టాయి, సానుభూతి మన పుట్టుకలోనే ఉంది అంటారు. 1871లో డార్విన్ కూడా మనిషి నైతిక భావానికి మూలాలు సంఘజీవుల సహజ ప్రవృత్తుల్లో ఉన్నాయని చెప్పాడు. అది రెండో ప్రశ్నకు పనికొచ్చే సమాచారం. మనకు సానుభూతి ఎలా వచ్చిందో చెబుతుందే తప్ప, సానుభూతి చూపాలని చెప్పదు. పగ, పరాయివాళ్ల మీద అసహ్యం కూడా పుట్టుకతో వచ్చినవే కదా. ఉన్నదాన్ని చెబుతూ చెబుతూ ఉండవలసినదానిలోకి జారుకునేవాళ్లను తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లోనే పట్టుకున్నాడు. ఆ హెచ్చరిక ఆస్తికులకూ వర్తిస్తుందని గుర్తుంచుకోండి. దేవుడు ఆదేశించాడు అన్నది కూడా జరిగినదాన్ని చెప్పే వాక్యమే. ఆ ఆదేశాన్ని ఎందుకు పాటించాలన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది. శిక్షకు భయపడి పాటించాలంటే అది స్వలాభం చూసుకోవడమే. మనల్ని సృష్టించి పోషిస్తున్నాడన్న కృతజ్ఞతతో పాటించాలంటే, కృతజ్ఞత చూపడం మంచిదని ముందే ఒప్పుకున్నాం.

నాకు నిలబడేదిగా కనిపించే ఆధారం మీరు చేసిన పనిలోనే ఉంది. ఆ రెండోసారి వచ్చిన డబ్బును మీరు అట్టే పెట్టుకున్నారనుకుందాం. ఆ పార్టీ యజమానికి ఎదురుగా కూర్చొని, ఎందుకు ఉంచుకున్నారో ఆయన ఒప్పుకునే కారణం ఒక్కటి చెప్పగలరా? చెప్పలేరు. ఆయనకు తెలియకుండా ఉన్నంతసేపే ఆ పని సాగుతుంది. ఒక పని సాగడానికి అవతలి మనిషి అజ్ఞానం అవసరమైతే, అతన్ని మనలాంటి మనిషిగా కాక మన అవసరానికి వాడుకునే వస్తువుగా చూస్తున్నామన్నమాట. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని 1785లో జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ చెప్పిన సూత్రానికి ఇది దగ్గరగా ఉంటుంది. నా నష్టం నన్ను బాధిస్తుంది కాబట్టి దాన్ని తప్పించడానికి కారణం ఉందని నేను ఒప్పుకుంటే, అలాంటి బాధే మరొకరికి కలిగినప్పుడు కారణం లేదనడానికి నేను నేనన్న మాట తప్ప వేరే ఆధారం ఉండదు. 1789లో ఇంగ్లిష్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లాడు. ఒక ప్రాణి ఆలోచించగలదా, మాట్లాడగలదా అన్నది కాదు, బాధపడగలదా అన్నదే అడగాలన్నాడు. ఈ ఇద్దరి సిద్ధాంతాలూ అనేక చోట్ల గొడవపడతాయి, ఆ గొడవలు ఇంకా తేలలేదు. మీ బిల్లు విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే తీర్పు చెబుతారు.

ఇది అవతలివాడి బాధ అసలు పట్టని మనిషిని ఒప్పిస్తుందా అని మీ అన్నగారు అడగవచ్చు. ఒప్పించదు. కానీ అలాంటి మనిషిని దేవుడి మాట కూడా ఒప్పించదు, భయపెట్టగలదు అంతే. ఒకరిని కట్టిపడేయలేకపోవడం వేరు, కారణమే లేకపోవడం వేరు.

ఇప్పుడు ఆ వడ్డీ మాట. మీ అన్నగారికి తెలియకపోవచ్చు గానీ ఈ వాదానికి పెద్దపెద్దవాళ్ల మద్దతుంది, అదీ రెండు వ్యతిరేక దిక్కుల నుంచి. క్రైస్తవ దేవుణ్ణి వదిలేసి క్రైస్తవ నీతిని పట్టుకుని వేలాడుతున్నారని 1889లో జర్మన్ తత్వవేత్త నీషే ఇంగ్లిష్ ఆలోచనాపరులను ఎగతాళి చేశాడు. ఆయన దేవుణ్ణి నమ్మేవాడు కాదు. 1958లో ఎలిజబెత్ ఆన్స్‌కమ్ అనే తత్వవేత్త, శాసనకర్తను తీసేశాక నైతిక శాసనం గురించి మాట్లాడటంలో అర్థం మిగలదన్నారు. ఆమె నిష్ఠగల క్యాథలిక్. ఆస్తికురాలు, నాస్తికుడు ఒకే చోటికి చేరుకున్న వాదాన్ని తేలిగ్గా కొట్టివేయకూడదు.

అయినా నేను అడిగేది ఒక్కటే, ఆ అసలు ఎవరిది? నీకు అప్రియమైనది ఇతరులకు చేయవద్దన్న మాటను చైనాలో కన్ఫ్యూషియస్ దాదాపు 2,500 ఏళ్ల కిందటే చెప్పాడు. యూదుల సంప్రదాయంలో అది ఉంది. మహాభారతంలో ఉంది, తిక్కన పద్యంగా తెలుగులో చాలామందికి నోటికి కూడా వచ్చు. దేవుడి గురించి ఒకదానితో ఒకటి పొసగని ఇన్ని సంప్రదాయాలు ఈ ఒక్క మాట దగ్గర కలుస్తున్నాయంటే, దాన్ని ఏ ఒక్క మతం మూలధనమనీ అనలేం. మనుషులు కలిసి బతకడంలోంచి తెలుసుకున్నదాన్ని మతాలు అందుకుని, కాపాడి, తరువాతి తరానికి అప్పగించాయని అనడం సరైనదనిపిస్తుంది. కాపాడటం చిన్న పనేమీ కాదు. కానీ ఆ మతాలు కూడా ఈ తూకానికి లోబడవలసి వచ్చింది. 19వ శతాబ్దపు అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించినవాళ్లూ బైబిల్ వాక్యాలే చూపించారు, వ్యతిరేకించినవాళ్లూ బైబిల్ వాక్యాలే చూపించారు. వ్యతిరేకించినవాళ్లలో గొప్ప భక్తులున్నారన్నది మరిచిపోకూడదు. ఏ వాక్యం వైపు నిలబడాలో నిర్ణయించుకోవడానికి మాత్రం, సంకెళ్లలో ఉన్న మనిషి బాధను చూడగల కన్ను కావలసివచ్చింది.

ఇక మూడో ప్రశ్న, మిమ్మల్ని నిజంగా కలవరపెడుతున్నది. దేవుణ్ణి నమ్మనివాడి మాటకు, ప్రమాణానికి విలువ లేదు కాబట్టి అలాంటివాళ్లను సహించనక్కరలేదని, మత సహనం గురించి రాస్తూనే ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 1689లో అన్నాడు. అంతకు కొద్దిగా ముందు, 1682లో, ఫ్రెంచ్ తత్వవేత్త పియర్ బేల్ దీనికి విరుద్ధంగా, మనుషులు తమ సిద్ధాంతాల ప్రకారం నడవడం అరుదని, నాస్తికుల సమాజం కూడా సవ్యంగా సాగగలదని రాశాడు. లాక్ అభిప్రాయం చట్టాల్లో రెండు శతాబ్దాలు బతికింది. 1880లో బ్రిటన్ పార్లమెంటుకు ఎన్నికైన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్‌లా దేవుడి పేరు మీద చేయవలసిన ప్రమాణం చిక్కు వల్ల 1886 దాకా సభలో కుదురుగా కూర్చోలేకపోయాడు, దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేసే హక్కు 1888లో వచ్చింది. చరిత్ర బేల్ వైపే మొగ్గిందని నేననుకుంటాను. కానీ ఆయన మాట రెండువైపులా కోస్తుంది. సిద్ధాంతం మనిషిని నడపదంటే, నేను పైన చెప్పిన వాదాలు కూడా మిమ్మల్ని నడపవు.

1973లో వెలువడిన ఒక అధ్యయనం ఇందుకు మంచి నిదర్శనం. అమెరికాలో మతగురువులు కావడానికి చదువుతున్న విద్యార్థులను ఒక భవనం నుంచి మరో భవనానికి ప్రసంగం చేయడానికి పంపారు. దారిలో ఒక మనిషి తలవాల్చి దగ్గుతూ మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం మంది సాయం చేశారు, బాగా ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్లలో 10 శాతం మందే ఆగారు. కొందరు వెళ్తున్నది దారిలో పడి ఉన్నవాడిని ఆదుకున్న బైబిల్ కథ మీద మాట్లాడటానికే. ఆ విషయం మనసులో ఉన్నా చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. తేడా తెచ్చింది తీరిక.

దీన్నిబట్టి మీ విషయంలో నాకు తోచేదేమంటే, నమ్మకం పోవడం వల్లనే మీ దానం, పరామర్శలు ఆగిపోలేదు. నమ్మకంతోపాటు వచ్చిన ఏర్పాటు పోవడం వల్ల ఆగాయి. అప్పట్లో దానానికి ఒక తేదీ ఉండేది, ఇవ్వడానికి ఒక చోటుండేది, పరామర్శకు కలిసి బయలుదేరే మనుషులు, రాకపోతే అడిగేవాళ్లు ఉండేవాళ్లు. మతాలు శతాబ్దాలుగా బాగా నేర్చిన పని ఇదే. నాస్తికులమని చెప్పుకునే మనవాళ్లలో చాలామంది వాదంలో గెలిచి ఇక్కడ ఓడిపోతారు. మీ బిల్లు నిజాయితీ మిగలడానికి, దానం ఆగిపోవడానికి కూడా కారణం ఇదే కావచ్చు. లెక్కలు సరిచూడటం మీ రోజువారీ వృత్తిలో భాగం, దానికి ఏర్పాటు ఇప్పటికీ ఉంది.

కాబట్టి మీ ముందు కొన్ని దారులున్నాయి. నమ్మకం లేకపోయినా పాత బృందంతోనే సేవాకార్యాలకు వెళ్లవచ్చు. పని వెంటనే మొదలవుతుంది, పాత స్నేహాలు నిలుస్తాయి. కానీ మీ నమ్మకం గురించి అడిగినప్పుడు తప్పించుకోవలసి వస్తుంది, ఆ తప్పించుకోవడం క్రమంగా అబద్ధంగా మారవచ్చు. ముందే ఒకరిద్దరికి నిజం చెప్పి చేరడం మేలు, కొందరు మొహం తిప్పుకుంటారని తెలిసే చేరండి. మతంతో సంబంధం లేని సేవా బృందంలో చేరవచ్చు. నటన ఉండదు, కానీ కొత్త మనుషులతో అంత గట్టి బంధం ఏర్పడటానికి చాలా కాలం పడుతుంది. ఒంటరిగా చేద్దామనుకుంటే, జీతం పడిన రోజే దానం దానంతటదే ఖాతా నుంచి వెళ్లేలా పెట్టుకోండి. డబ్బు విషయంలో ఇది బాగా పనిచేస్తుంది. రోగి మంచం పక్కన కూర్చునే విషయంలో పనిచేయదు, దానికి మిమ్మల్ని లేవదీసే మనిషి ఒకరు కావాలి.

ఒక లోటు మాత్రం ఏ ఏర్పాటూ తీర్చదు. మంచివాడికి చివరికి మంచే జరుగుతుందన్న హామీ మీకు ఇక లేదు. కర్తవ్యానికి దేవుడి ఆధారం అక్కరలేదన్న కాంట్ కూడా, ధర్మానికీ సుఖానికీ ఎక్కడో ఒకచోట పొత్తు కుదరాలన్న ఆశ కోసం 1788లో దేవుణ్ణి మళ్లీ పిలవవలసి వచ్చింది. మీరు ఆ ఆశ లేకుండానే జీవించాలి. అది నష్టమేనని ఒప్పుకోవడంలో మీకు పోయేదేమీ లేదు.

అమ్మాయి విషయానికి వద్దాం. నమ్మకం నటించి పెంచడం నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపిస్తుంది. అబద్ధం ఎందుకు ఆడకూడదని అడిగిన పిల్లకు అబద్ధంతో జవాబు చెప్పినట్లవుతుంది. పైగా మీరు దేవుడు లేడన్న సంగతి ఆమెకు ఇప్పటికే తెలుసు. రెండోది, మతం నుంచి ఆమెను పూర్తిగా దూరం చేయడం. అది మీ మనసుకు నిజాయితీగా అనిపించవచ్చు గానీ, ఆమె రెండు ఆలోచనల మధ్య కాక తల్లికీ తండ్రికీ మధ్య ఎంచుకోవలసి వస్తుంది. మూడోది, తల్లితో ఆమె ప్రార్థనలకు వెళ్లడం, ఆమె అడిగినప్పుడు మీరు మీ అభిప్రాయం దాచకుండా చెప్పడం. ఇందులో చికాకులున్నాయి. తనకు అనుకూలంగా ఉన్నప్పుడు ఆమె ఒకరి మాటను మరొకరి మీదికి వాడుకుంటుంది, కొంతకాలం అయోమయంలోనూ పడుతుంది. అయినా నేను దీనివైపే మొగ్గుతాను. కానీ భార్యతో ముందే మాట్లాడుకుని ఒక ఒప్పందానికి రావాలి: తప్పు చేసినప్పుడు దాని వల్ల ఎవరికి ఏం జరిగిందో ఇద్దరూ చెప్పాలి, మీ భార్య ఆపైన దేవుడి మాట కలిపితే మీరు అడ్డు చెప్పకూడదు. ఇందుకు ఆమెకు అభ్యంతరం ఉంటుందని నేననుకోను.

మీరు దాటవేసిన ప్రశ్నకు ఇప్పుడైనా జవాబు చెప్పండి, ఆ బిల్లు సంగతితోనే చెప్పండి. ఎవరూ చూడలేదు, చూసి ఉండరు కూడా, అయినా ఆ డబ్బు పోయినవాళ్లు ఒకరున్నారని. అబద్ధాన్ని ఎవరూ కనిపెట్టకపోయినా, దాన్ని నమ్మినవాళ్లు ఒకరుంటారని. 12 ఏళ్ల పిల్లకు ఇది అర్థమవుతుంది. పదిహేనేళ్లు వచ్చేసరికి, ఆ ఒకరు నాకేమవుతారని ఎదురు ప్రశ్న వేస్తుంది. అప్పుడు కాంట్ గురించీ బెంథామ్ గురించీ మాట్లాడవచ్చు.

అన్నగారితో వాదించి గెలవాలంటే పై వాదాలన్నీ మీకు పనికొస్తాయి. కానీ గెలిచాక, మిమ్మల్ని పెంచిన మనిషికి తన పెంపకమంతా వృథా అయిందని చెప్పినట్లుంటుంది. మౌనంగా ఉండిపోతే ఇంట్లో శాంతి ఉంటుంది, ఆయన భయం మాత్రం అలాగే ఉండిపోయి అమ్మాయి మీదికి మళ్లుతుంది. ఆయన చెప్పినదానిలో నిజమైనంత మేరకు ఒప్పుకోవడం ఇంకో దారి. ఏది మంచో తెలుసుకోవడానికి దేవుడు కావాలన్న మాటను అంగీకరించనని, కానీ ఆ మంచిని అలవాటుగా మార్చింది ఆయన పెంపకమేనని, దానం ఆగిపోయిందని గమనించి మళ్లీ మొదలుపెడుతున్నానని చెప్పండి. దీనితో ఆయన మారిపోతారని ఆశపడవద్దు, చూశావా నేను చెప్పలేదా అని కూడా అనవచ్చు. ఈ మాట ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. అమ్మాయి ఎదుట చెబితే పంతాలకు పోవడమవుతుంది, ఆయనకు ఒక మెట్టు దిగే వీలుండదు.